చేరిన తేదీని బట్టి జీతం: డెట్రాయిట్ కార్ల కార్మికుల సమ్మె వెనకున్న లెక్క

2023 సెప్టెంబర్ 15న అమెరికాలో కార్ల ఫ్యాక్టరీ కార్మికులు సమ్మెకు దిగారు. జనరల్ మోటార్స్, ఫోర్డ్, స్టెలాంటిస్ (ఒకప్పటి క్రైస్లర్), ఈ మూడు డెట్రాయిట్ కంపెనీల మీదా ఒకేసారి సమ్మె చేయడం వాళ్ల యూనియన్ యునైటెడ్ ఆటో వర్కర్స్ చరిత్రలోనే మొదటిసారి. ఆరు వారాలకు పైగా సాగిన సమ్మె 25 శాతం జీతాల పెంపుతో ముగిసింది. వార్తల్లో ఎక్కువగా తిరిగిన అంకె కూడా అదే. అది చూసి, గంటకు 32 డాలర్లు తీసుకునేవాళ్లకి ఇంకా ఏం తక్కువైందని అనుకున్నవాళ్లు చాలామంది. అనుమానం సహజమే. కాకపోతే ఆ 32 డాలర్లు అందరికీ వచ్చేవి కావు. గొడవంతా అక్కడే ఉంది.

ఒకే లైను మీద రెండు జీతాలు

కార్లు తయారయ్యే లైను పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారనుకుందాం. ఒకతను ఎడమ డోరు బిగిస్తాడు, ఇంకొకతను కుడి డోరు. పనిముట్లు ఒకటే, వేగం ఒకటే, తప్పు జరిగితే పడే చీవాట్లూ ఒకటే. మొదటతను 2006లో చేరాడు, రెండో అతను 2010లో.

2010 నాటి రేట్ల ప్రకారం మొదటతనికి గంటకు సుమారు 28 డాలర్లు, రెండో అతనికి సుమారు 14. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు. అంటే ఒకరికి 58,240 డాలర్లు, ఇంకొకరికి 29,120. సరిగ్గా సగం. ఓవర్‌టైమ్ చేస్తే ఒకటిన్నర రెట్లు కట్టిస్తారు కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

జీతంతో అయిపోలేదు. రిటైరయ్యాక మొదటతనికి నెలనెలా పెన్షన్ వస్తుంది, వైద్య ఖర్చులకు రక్షణ ఉంటుంది. రెండో అతనికి ఆ రెండూ లేవు. అనుభవం వల్లనో, నైపుణ్యం వల్లనో వచ్చిన తేడా అయితే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ కారణం చేరిన తేదీ ఒక్కటే. ఇలా కార్మికులను తేదీని బట్టి, హోదాను బట్టి వేర్వేరు మెట్ల మీద నిలబెట్టడాన్నే అంచెల వ్యవస్థ అంటున్నారు.

ఈ అంచెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఒకప్పుడు డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమంటే అమెరికాలో మధ్యతరగతి జీవితానికి గ్యారంటీ. 1948లో జనరల్ మోటార్స్ ఒప్పందంలో ధరలతో పాటు పెరిగే భత్యం వచ్చింది. 1950 ఒప్పందంతో పెన్షన్, ఆరోగ్య బీమా స్థిరపడ్డాయి. 1970లో 67 రోజులు సమ్మె చేసి, 30 ఏళ్ల సర్వీసుతో రిటైరయ్యే హక్కు సాధించుకున్నారు.

కంపెనీలు ఈ హామీలు ఇచ్చినప్పుడు అమెరికా మార్కెట్ దాదాపు మొత్తం వాటి చేతుల్లోనే ఉంది. తర్వాత హోండా ఒహాయోలో, టొయోటా కెంటకీలో ఫ్యాక్టరీలు పెట్టాయి. అక్కడ యూనియన్ లేదు. కొత్త ఫ్యాక్టరీలు కాబట్టి పోషించాల్సిన రిటైర్డ్ కార్మికులూ లేరు. డెట్రాయిట్ కంపెనీల మీద మాత్రం దశాబ్దాల పెన్షనర్ల భారం ఉంది. ఒక్క ఆరోగ్య ఖర్చే కారుకు 1,500 డాలర్ల దాకా పడుతోందని 2000ల మధ్యలో జనరల్ మోటార్స్ చెప్పేది.

2007 ఒప్పందంలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. రిటైరైనవాళ్ల వైద్య ఖర్చుల బాధ్యతను కంపెనీలు ఒక ట్రస్టుకు బదలాయించి తమ పుస్తకాల్లోంచి తీసేశాయి. ఇకపై చేరే కొత్తవాళ్లను తక్కువ జీతానికి, పాత పెన్షన్ లేకుండా తీసుకోవచ్చని యూనియన్ ఒప్పుకుంది. మొదట్లో దీనికి పరిమితులు పెట్టారు. ఏడాది తిరక్కుండానే ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది. 2009లో క్రైస్లర్ ఏప్రిల్ 30న, జనరల్ మోటార్స్ జూన్ 1న దివాలా పిటిషన్లు వేశాయి. ప్రభుత్వం డబ్బు పెట్టి నిలబెట్టింది. బదులుగా కార్మికులు ధరల భత్యం వదులుకున్నారు. జనరల్ మోటార్స్, క్రైస్లర్లలో జీతాల కోసం సమ్మె చేసే హక్కును కూడా 2015 దాకా పక్కన పెట్టారు. ఫోర్డ్ దివాలా తీయలేదు. అయినా రాయితీలు అక్కడా తప్పలేదు.

యూనియన్ అసలెందుకు ఒప్పుకుంది?

సమాన పనికి సమాన వేతనం అనే నినాదంతో పుట్టి పెరిగిన సంస్థ ఇలాంటి దానికి ఎలా తలూపింది? కంపెనీ మునిగిపోతుందన్న భయం నిజమైనదే. దానితో పాటు ఇంకో కారణం ఉంది, అదే నాకు అసలైనదిగా కనిపిస్తుంది. ఒప్పందం మీద ఓటేసేది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు. నష్టపోయేది రేపు చేరబోయేవాళ్లు. వాళ్లకి ఓటు లేదు, వాళ్లెవరో కూడా ఎవరికీ తెలియదు. మీ జీతం తగ్గిస్తామా, రాబోయేవాళ్ల జీతం తగ్గిస్తామా అని అడిగితే బ్యాలెట్ పెట్టె దగ్గర జవాబు ఊహించడం కష్టం కాదు.

యాజమాన్యానికీ ఇది సుఖంగానే ఉంటుంది. ఉన్నవాళ్ల జోలికి వెళ్తే ఆ రోజే గొడవ. రాబోయేవాళ్లకి కోత పెడితే ఆ రోజుకి ఎవరూ అరవరు. అయితే పాతవాళ్లు ఏటా కొంతమంది రిటైరవుతుంటారు, వాళ్ల చోట్లలో కొత్తవాళ్లు వస్తుంటారు. పదేళ్లు గడిచేసరికి తక్కువ అంచెవాళ్లే ఎక్కువమంది. ఓట్లు కూడా వాళ్లవే. 2015లో ఫియట్ క్రైస్లర్ కార్మికులు యూనియన్ నాయకత్వం తెచ్చిన మొదటి ఒప్పందాన్ని దాదాపు మూడింట రెండొంతుల మెజారిటీతో తిరగ్గొట్టారు. అంచెల మీద కోపం అప్పుడే బయటపడింది.

ఎనిమిదేళ్ల నిచ్చెన

2015 తర్వాత సగం జీతం పద్ధతి నేరుగా లేదు. దాని బదులు నిచ్చెన పెట్టారు. కొత్తగా చేరినవాళ్లు కింది మెట్టు మీద మొదలై, గరిష్ఠ జీతం దాకా ఎక్కడానికి ఎనిమిదేళ్లు. చివరికి అందరూ ఒకే చోటికి చేరతారు కదా, ఇందులో తేడా ఏముందని అనిపించవచ్చు. లెక్క వేస్తే తెలుస్తుంది.

సులువు కోసం ప్రారంభ జీతం గంటకు 18 డాలర్లు, గరిష్ఠం 32 అనుకుందాం. తేడా 14. ఎనిమిదేళ్లలో సమానంగా పెంచితే ఏటా 1.75 డాలర్లు. మొదటి ఏడాది పాత కార్మికుడి కంటే గంటకు 14 తక్కువ, రెండో ఏడాది 12.25 తక్కువ, అలా తగ్గుతూ ఎనిమిదో ఏడాది 1.75 తక్కువ. ఇవన్నీ కలిపితే 63. దీన్ని 2,080 గంటలతో గుణిస్తే 1,31,040 డాలర్లు. అదే పని చేసి, ఎనిమిదేళ్లలో పక్కవాడి కంటే అతను తక్కువ తీసుకున్న మొత్తం అది.

ఇదే నిచ్చెనను మూడేళ్లకు కుదిస్తే తేడాలు 14, 9.33, 4.67. మొత్తం 28. అంటే 58,240 డాలర్లు. గరిష్ఠ జీతం ఒక్క సెంటు పెంచకపోయినా, మెట్లు తగ్గించడం వల్లనే 72,800 డాలర్లు చేతికొచ్చాయి. శాతాల గురించి మాత్రమే రాసే వార్తల్లో ఈ డబ్బు కనపడదు.

నిచ్చెనకు కూడా కింద టెంపరరీలు ఉండేవాళ్లు. గంటకు 16, 17 డాలర్ల దగ్గర మొదలై, పర్మినెంట్ వాళ్ల పనే చేస్తూ, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేవాళ్లు. పేరుకే టెంపరరీ. మన దగ్గర కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కొన్ని విడిభాగాల ప్లాంట్లకు వేరే జీతాల పట్టిక కూడా ఉండేది. ఒకే కంపెనీ, ఒకే యూనియన్ కార్డు, గేటు మారితే జీతం మారేది.

డీఏ లేని పద్నాలుగేళ్లు

2009లో వదులుకున్న ధరల భత్యం మన డీఏ లాంటిదే. ధరల సూచీ పెరిగితే జీతం దానంతటదే కొంత పెరుగుతుంది. ధరలు మెల్లగా పెరిగినన్నాళ్లు అది లేకపోయినా పెద్దగా తెలియలేదు. 2021, 2022లో అమెరికాలో ద్రవ్యోల్బణం నలభై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పెరిగేసరికి నొప్పి తెలిసింది.

2007లో 28 డాలర్లకు వచ్చే సరుకు కొనాలంటే 2023లో దాదాపు 41 డాలర్లు కావాలి. అప్పటి గరిష్ఠ జీతం 32 చిల్లర. అంటే పై అంచెలో ఉన్నవాళ్లు కూడా పదహారేళ్లలో వెనక్కే వెళ్లారు. కొత్త ఒప్పందంతో 2028 నాటికి గరిష్ఠం 42 డాలర్లు దాటుతుందని అంచనా. ఈ లెక్కతో పోల్చి చూస్తే 25 శాతంలో ఎక్కువ భాగం పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడమే.

సీపీఎస్ తెలిసినవాళ్లకి ఈ పెన్షన్ గొడవ కొత్త కాదు

పాత పెన్షన్‌లో కంపెనీ మాట ఇస్తుంది: ఇన్నేళ్లు పనిచేస్తే బతికున్నంత కాలం నెలకు ఇంత. ఉదాహరణకు ఏడాది సర్వీసుకు నెలకు 50 డాలర్ల చొప్పున అనుకుంటే, 30 ఏళ్లు చేసినవాళ్లకి నెలకు 1,500. షేర్ మార్కెట్ పడినా, మనిషి తొంభై ఏళ్లు బతికినా ఆ రిస్క్ కంపెనీది.

2007 తర్వాత చేరినవాళ్లకి దీని బదులు 401-కె ఖాతా. కంపెనీ జీతంలో కొంత శాతం ఖాతాలో వేస్తుంది, ఆ డబ్బు మార్కెట్లో పెరుగుతుంది లేదా తరుగుతుంది. ఎంత మిగిలితే అంతే. రిస్క్ మొత్తం కార్మికుడి నెత్తిన పడింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ ఉద్యోగులు ఇదే గీతకు అటూ ఇటూ ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు, సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) ఉంది. ఒకే స్కూల్లో ఒకే తరగతికి పాఠం చెప్పే ఇద్దరు టీచర్లలో ఒకరికి పెన్షన్, ఒకరికి ఖాతా. ఏటా ఆ తేదీని ఉద్యోగ సంఘాలు పెన్షన్ విద్రోహ దినంగా పాటిస్తున్నాయి. పాత పెన్షన్ ఇస్తే ఖజానా మోయలేదని ప్రభుత్వాలు అంటాయి, డెట్రాయిట్ కంపెనీల మాట కూడా అదే. తేడా ఒకటుంది: ప్రభుత్వం మూతపడదు, కంపెనీ మూతపడుతుంది. 2009ని చూసిన కంపెనీలు పెన్షన్ దగ్గర ఎందుకంత మొండికేశాయో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

అందరూ ఒకేసారి బయటికి రాలేదు

యూనియన్ అధ్యక్షుడు షాన్ ఫెయిన్ ఇండియానాలోని కొకోమో నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. అంతకుముందు ఇద్దరు మాజీ అధ్యక్షులు యూనియన్ సొమ్ము కాజేసిన కేసులో జైలుకెళ్లారు. ఆ తర్వాతే సభ్యులు నేరుగా ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 2023 మార్చిలో ఆ ఓటుతో, అదీ చాలా తక్కువ తేడాతో, ఫెయిన్ గెలిచాడు. ఆగస్టులో స్టెలాంటిస్ పంపిన ప్రతిపాదనల్ని లైవ్ వీడియోలో చెత్తబుట్టలో పడేశాడు. డ్రామా అన్నవాళ్లున్నారు, ఇన్నాళ్లకి ఒకడు దొరికాడన్నవాళ్లూ ఉన్నారు.

సమ్మె వ్యూహంలో డబ్బు లెక్క ఉంది. యూనియన్ సమ్మె నిధి సుమారు 825 మిలియన్ డాలర్లు. సమ్మెలో ఉన్నవాళ్లకి వారానికి 500 డాలర్లు ఇవ్వాలి. మూడు కంపెనీల్లో కలిపి దాదాపు 1,46,000 మంది. అందర్నీ ఒకేసారి బయటికి పిలిస్తే వారానికి 73 మిలియన్లు. బీమా ఖర్చులు వేరే. పదకొండు వారాల్లో నిధి ఖాళీ. అందుకని మొదట మూడు ప్లాంట్లనే ఆపారు: మిస్సోరీలో వెంట్జ్‌విల్, ఒహాయోలో టొలీడో, మిషిగన్‌లో వేన్. మొత్తం 13,000 మంది లోపే. వారానికి ఆరున్నర మిలియన్లతో సరిపోయింది. మిగతావాళ్లు పనికి వెళ్తూనే పిలుపు కోసం ఎదురుచూశారు. తర్వాత ఏ ప్లాంట్ ఆగుతుందో యాజమాన్యాలకు ముందుగా తెలియదు. టెన్షనంతా అటువైపు.

అక్టోబర్ 11 సాయంత్రం దీనికి మంచి ఉదాహరణ. ఫోర్డ్ కొత్త ఆఫర్ తెస్తుందని యూనియన్ ప్రతినిధులు వెళ్లారు. ఫోర్డ్ పాతదే మళ్లీ పెట్టింది. మీటింగ్ కొద్ది నిమిషాల్లో ముగిసింది. ఆ సాయంత్రమే లూయివిల్‌లోని కెంటకీ ట్రక్ ప్లాంట్ నుంచి 8,700 మంది బయటికొచ్చేశారు. 37 సెకన్లకు ఒక బండి దిగే ప్లాంట్ అది, ఏడాదికి 25 బిలియన్ డాలర్ల ఆదాయం తెస్తుందని ఫోర్డే చెప్పింది. రెండు వారాల్లో ఫోర్డ్ ఒప్పందానికి వచ్చింది. మిగతా రెండు కంపెనీలు అక్టోబర్ 30 కల్లా దారికొచ్చాయి.

మధ్యలో సెప్టెంబర్ 26న అధ్యక్షుడు జో బైడెన్ మిషిగన్‌లో కార్మికుల పికెట్ (సమ్మె చేసేవాళ్లు గేటు ముందు నిలబడే చోటు) దగ్గరికి వెళ్లాడు. పదవిలో ఉండగా అలా వెళ్లిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. ఫొటోలు బాగా వచ్చాయి. కెంటకీ ప్లాంట్ అంత పని ఆ ఫొటోలు చేశాయని మాత్రం చెప్పలేం.

ఎవరి వాదన ఏమిటి?

యాజమాన్యాల వాదన తీసిపారేయదగ్గది కాదు. బీమా, పెన్షన్ లాంటివన్నీ కలిపి గంటకు పడే ఖర్చు డెట్రాయిట్ కంపెనీలకు 65 డాలర్ల చుట్టుపక్కల, విదేశీ కంపెనీల అమెరికా ప్లాంట్లకు 55, టెస్లాకు 45 దాకా అని అప్పట్లో పరిశ్రమ విశ్లేషకుల అంచనా. దానికి తోడు ఎలక్ట్రిక్ కార్ల మీద భారీ పెట్టుబడి. 2023లో ఫోర్డ్ ఎలక్ట్రిక్ విభాగం ఒక్కటే దాదాపు 4.7 బిలియన్ డాలర్ల నష్టం చూపించింది. పోటీ కార్మికులకూ కంపెనీకీ మధ్య కాదు, తమకూ టొయోటా, హోండా, టెస్లా, చైనా కంపెనీలకూ మధ్య అని ఛైర్మన్ బిల్ ఫోర్డ్ సమ్మె మధ్యలో బహిరంగంగా అన్నాడు. ఒప్పందం కుదిరాక ఒక్కో బండికి 2028 నాటికి సుమారు 900 డాలర్ల అదనపు ఖర్చు పడుతుందని ఆ కంపెనీ లెక్క చెప్పింది.

కార్మికులు లాభాల పట్టిక తీశారు. 2013 నుంచి 2022 వరకు మూడు కంపెనీల లాభాలు 92 శాతం పెరిగాయని కార్మికుల పక్షాన మాట్లాడే ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. జనరల్ మోటార్స్ సీఈఓ మేరీ బారా 2022లో తీసుకున్నది 29 మిలియన్ డాలర్లు. నాలుగేళ్లలో సీఈఓల జీతాలు 40 శాతం పెరిగాయి కాబట్టి మాకూ 40 అని యూనియన్ అడిగింది. కంపెనీ మునుగుతున్నప్పుడు నష్టం పంచుకున్నాం, తేలాక లాభం ఎందుకు పంచరు అన్నది వాళ్ల ప్రశ్న.

డెట్రాయిట్ శివార్లు నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ ఇవే కంపెనీలకు డిజైన్, సాఫ్ట్‌వేర్ పనులు చేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నెల జీతం మీదో, కన్సల్టెన్సీ కాంట్రాక్టు మీదో ఉన్నవాళ్లు, గంటల లెక్కన పనిచేసే కార్మికుల ఒప్పందం వాళ్లకి వర్తించదు. వర్తించకపోయినా, అక్కడ కంపెనీ రోల్స్‌కీ కాంట్రాక్టుకీ మధ్య ఉన్న గీత కూడా ఒకరకం అంచే. దాని మీద బేరమాడే యూనియన్ లేదు, అంతే.

ఏవి కూలాయి, ఏవి మిగిలాయి?

జీతాల అంచెలు చాలావరకు పోయాయి. ఎనిమిదేళ్ల నిచ్చెన మూడేళ్లకు దిగింది. ఉన్న టెంపరరీలలో చాలామంది పర్మినెంట్ అయ్యారు, కొందరి జీతం ఒప్పంద కాలంలో రెట్టింపు దాటింది. విడిభాగాల ప్లాంట్ల వేరే పట్టికలు రద్దయ్యాయి. ధరల భత్యం తిరిగొచ్చింది. ప్లాంట్ మూసేస్తే సమ్మె చేసే హక్కు వచ్చింది. ఇల్లినాయ్‌లో మూతపడిన బెల్విడీర్ ప్లాంట్‌ను తిరిగి తెరుస్తామని స్టెలాంటిస్ ఒప్పుకుంది.

ప్రయోజనాల అంచె మాత్రం అలాగే ఉంది. 2007 తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ రాలేదు, రిటైరయ్యాక వైద్యమూ రాలేదు. బదులుగా 401-కె ఖాతాలో కంపెనీ వేసే వాటా 10 శాతానికి పెరిగింది. వారానికి 32 గంటల పని అన్న డిమాండ్ బల్ల మీదే ఉండిపోయింది.

అందుకే ఓటింగ్ ఏకపక్షంగా లేదు. మూడు కంపెనీల్లో కలిపి 64 శాతం సరే అన్నారు. ఫోర్డ్, స్టెలాంటిస్‌లలో 69 శాతం చుట్టుపక్కల, జనరల్ మోటార్స్‌లో 55 మాత్రమే. ఫ్లింట్, స్ప్రింగ్ హిల్ లాంటి పెద్ద ప్లాంట్లలో వద్దన్నవాళ్లదే పైచేయి. అసంతృప్తి ఎక్కువగా పాతకాపుల నుంచి వచ్చింది. కింది అంచెవాళ్లకి సగానికి సగం, అంతకు మించి పెరిగితే తమకు 25 శాతమేనా, పెన్షన్‌లో పెంపు ఇంతేనా అని. అంచెలు తీసేయాలంటే ఎవరికో ఎక్కువ, ఎవరికో తక్కువ పెరగక తప్పదు. ఒకప్పుడు కొత్తవాళ్లు మింగిన చేదులో కొంత ఈసారి పాతవాళ్ల వంతుకొచ్చింది.

గేటు బయట ఏం జరిగింది?

ఒప్పందం అయిన కొద్ది వారాల్లోనే యూనియన్ లేని టొయోటా, హోండా, హ్యుందాయ్ తమ అమెరికా ప్లాంట్లలో జీతాలు పెంచాయి. హోండా 11 శాతం, హ్యుందాయ్ 2028 నాటికి 25 శాతం. 2024 ఏప్రిల్‌లో టెనెసీలోని ఫోక్స్‌వ్యాగన్ ప్లాంట్ కార్మికులు భారీ మెజారిటీతో యూనియన్‌లో చేరారు. తర్వాతి నెలే అలబామాలో మెర్సిడెస్ కార్మికులు వద్దని ఓటేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో గాలి ఒకేవైపు వీస్తోందని అనడానికి లేదు.

లోపల కూడా అంతా సాఫీగా సాగలేదు. 2024లో స్టెలాంటిస్ లేఆఫ్‌లు ప్రకటించింది, పర్మినెంట్ కాని వాళ్లలో చాలామందిని పంపేసింది, బెల్విడీర్ పనులు వాయిదా వేసింది. యూనియన్ మళ్లీ సమ్మె హెచ్చరికలు చేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లో సీఈఓ కార్లోస్ తవారెస్ రాజీనామా చేశాడు. దానికి అమ్మకాలు పడిపోవడంతో సహా చాలా కారణాలున్నాయి.

ప్రస్తుత ఒప్పందాల గడువు 2028 ఏప్రిల్ 30. మర్నాడు మేడే. యూనియన్ ఆ తేదీని కావాలనే ఎంచుకుంది, మిగతా యూనియన్లు కూడా తమ ఒప్పందాలను అదే తేదీకి ముగిసేలా పెట్టుకోవాలని పిలుపు కూడా ఇచ్చింది. 2007 తర్వాత చేరినవాళ్ల పెన్షన్ మళ్లీ బల్ల మీదికి వచ్చేది అప్పుడే. 2007లో ఓటు లేనివాళ్లకి ఈసారి ఓటుంది.